శాంభవి బరువెత్తని నెలన్నర

శాంభవికి కుట్టుపని ఎవరూ నేర్పలేదు. పెళ్లయిన కొత్తలో ఒక పాత జాకెట్టు కుట్లు విప్పి, ముక్కలన్నీ నేలమీద పరిచి, ఏ ముక్క ఏ ముక్కను పట్టుకుని ఉందో చూసి తనే నేర్చుకుంది. ఇప్పుడు విజయవాడ వన్ టౌన్‌లో రెండు మూడు బట్టల కొట్లకు వెళ్లే స్కూలు యూనిఫారాలు ఆమె మిషన్ మీదే తయారవుతాయి. ఎవరైనా మెచ్చుకుంటే, "నాలుగు ఉతుకులయ్యాక చెప్పండి" అని మళ్లీ సూదిలోకి దారం ఎక్కించుకుంటుంది.

కూతుర్ని ఎత్తడం కూడా ఆమె అలాగే నేర్చుకుంది.

హరిచందనకు పదేళ్లు. ఇంట్లో చందు అంటారు. పుట్టినప్పుడు ఊపిరి అందడం ఆలస్యమైంది. అప్పటినుంచీ కాళ్లూ చేతులూ మాట వినవు. నడవలేదు, ఆసరా లేకుండా కూర్చోలేదు, మాటలు రావు. నవ్వు వస్తుంది, అలక వస్తుంది. సందులోకి వచ్చిన బండి తండ్రిదో కాదో మలుపు దగ్గరే తెలుస్తుంది. పొద్దున మంచం మీంచి చక్రాల కుర్చీలోకి, కుర్చీలోంచి స్నానాల గదిలో పీట మీదికి, పీట మీంచి మళ్లీ మంచానికి, ఇలా రోజంతా ఆ పిల్లను ఎవరో ఒకరు ఎత్తుతూనే ఉండాలి. ఆ ఎవరో ఒకరు పదేళ్లుగా శాంభవే.

ఎత్తడానికి ఆమె ఒక పద్ధతి ఏర్పరచుకుంది. ఎడమ మోకాలు మంచం పట్టెకు ఆనించాలి. కుడిచెయ్యి పిల్ల మోకాళ్ల కిందికి, ఎడమచెయ్యి భుజాల వెనక్కి పోవాలి. నడుంతో కాదు, తొడలతో లేవాలి. లేచాక నడుం తిప్పకూడదు, పాదాలే తిప్పాలి. ఆ నాలుగూ సరిగ్గా కుదిరితే చందు దూదిమూటలా లేచేది. భర్త ఉదయభాస్కర్ రైల్వేలో షిఫ్టు డ్యూటీ చేస్తాడు, ఇనుముతో పని, చేతుల్లో బలముంది. అతను ఎత్తితే మాత్రం పిల్ల కర్రలా బిగుసుకునేది. దించేసరికి ఇద్దరికీ చెమటలు పట్టేవి.

"నా చేతుల్లో రాడ్డులాగుంటది, నీ చేతుల్లో మైనపుముద్ద. ఏం మంత్రం వేస్తావో చెప్పు" అనేవాడు.

"మంత్రం కాదండీ. మోకాలు ఆనించాలి. ఎన్నిసార్లు చెప్పినా మీరు నడుంతోనే లేస్తారు" అనేది శాంభవి. తన పద్ధతి మీద ఆమెకు అంత నమ్మకం.

పద్ధతి బాగానే ఉంది, పద్ధతిని మోసే ఒళ్లే మొండికేసింది. మిషన్ ముందు కూర్చోవడం, చందును ఎత్తడం, చందు పళ్లెంలో మిగిలిన ముద్దలు పారెయ్యలేక తినడం, సందు దాటి వెళ్లే తీరిక లేకపోవడం. ఒక్కో ఏడూ ఒళ్లు పెరుగుతూ వచ్చింది. షుగరొచ్చింది. మోకాళ్లు అరిగాయి. అన్నం మానేసి చూసింది, రాగిజావ మీద ఉండి చూసింది, తగ్గిన బరువు మళ్లీ వడ్డీతో తిరిగొచ్చింది.

ఒకరోజు స్నానం చేయించి పీట మీంచి ఎత్తబోతుండగా కుడి మోకాలు జారింది. పిల్లను వదలకుండా గోడకు వీపు ఆనించి, అలాగే జారుతూ నేలమీద కూలబడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. చందు అదేదో ఆటనుకుని తడి ఒంటితో కిలకిలా నవ్వింది. శాంభవి ఆ నవ్వు వింటూ, ఆ తడి నేలమీదే చాలాసేపు కూర్చుండిపోయింది. పిల్ల పెరుగుతుంది. తన మోకాళ్లు తిరిగి రావు. ఇంకో నాలుగేళ్ల తర్వాత ఈ గదిలోంచి ఎవరు ఎవరిని లేవదీస్తారు?

అందుకే బరువు తగ్గించే ఆపరేషన్‌కు ఒప్పుకుంది. పొట్టలో చాలా భాగం తీసేసి సన్నని గొట్టంలా మిగులుస్తారని సర్జన్ బొమ్మ గీసి చూపించాడు. శాంభవి ఆ బొమ్మను బట్ట కొలత చూసినట్టు చూసింది. చంకల దగ్గర వదులైన జాకెట్టును పక్కకుట్టు వేసి బిగించడం ఆమెకు తెలిసిన పనే.

"తర్వాత నెలన్నర బరువులు ఎత్తకూడదమ్మా. లోపలి కుట్లు గట్టిపడాలి. నీళ్ల బిందె కూడా ఎత్తొద్దు" అన్నాడాయన.

"మా అమ్మాయి నడవదండీ. దాన్ని..."

"బిందె కూడా వద్దంటున్నాను కదమ్మా."

కూతుర్ని ముందుముందు ఎత్తుకోగలగాలంటే ఇప్పుడు నెలన్నరపాటు ఎత్తకూడదు. ఈ ముడి దగ్గరే ఆమె రెండుసార్లు తేదీ తీసుకుని రెండుసార్లూ వాయిదా వేసింది. మూడోసారి మాత్రం, కత్తెర పెట్టేముందు సుద్దతో గీతలు గీసుకున్నట్టు, ఇంటి పని మొత్తం ముందే గీసుకుంది. వంటకు మైలవరం నుంచి అత్తగారు త్రిపురసుందరి వస్తారు. మొదటి వారం పదిరోజులు భాస్కర్ సెలవు పెడతాడు. కొట్లవాళ్లకు ముందే చెప్పి మిషన్ మీద గుడ్డ కప్పేసింది. సందులో వాళ్లకు హెర్నియా ఆపరేషనని చెప్పింది. అసలు సంగతి చెబితే, తిండి తగ్గించుకోలేక పొట్ట కోయించుకుంటోందట అంటారు. ఆ మాట పడే ఓపిక ఆమెకు లేదు. అన్నీ కుదిరాయి. చందును ఎత్తే మనిషి మాత్రం కుదరలేదు.

మనుషుల్ని పంపే ఆఫీసు నుంచి ఒకావిడ వచ్చింది. చందును చూసి, "నడవని పిల్లని నాకు చెప్పలేదండీ" అని, ఇచ్చిన టీ తాగి వెళ్లిపోయింది. ఇంకొకమ్మాయి మంచిదే కానీ, చందు కాళ్లు ఆమె కాళ్లకన్నా పొడుగు. చివరికి కొట్టు యజమాని చెప్పగా చిట్టినగర్ కొండవాలు నుంచి సంపూర్ణమ్మ దిగి వచ్చింది.

సంపూర్ణమ్మది ఉయ్యూరు పక్క పల్లె. యాభై దాటాయి. ఊడ్పులూ కోతలూ చేసి, మోపులు మోసి, కొడుకుల చదువు కోసం బెజవాడ చేరిన మనిషి. మెడలో సన్నని సిలువ గొలుసు, నల్లపడిన గట్టి ముంజేతులు. మాటకు ముందు మనిషిని నిదానంగా చూసే అలవాటు.

"ఏం చెయ్యాలో చూపించమ్మా. చూసి చేస్తాను. చెప్తే నాకెక్కదు" అంది.

ఆ మాటకే శాంభవికి ఆమె నచ్చింది. ముందు పాతిక కిలోల బియ్యం బస్తాను మంచం మీద పడుకోబెట్టి చూపించింది. మోకాలు ఇక్కడ, చెయ్యి ఇక్కడ. సంపూర్ణమ్మ బస్తాను ఎత్తింది, కుర్చీలో కూర్చోబెట్టింది, మళ్లీ మంచం ఎక్కించింది. భాస్కర్ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"దానికి స్నానం కూడా చేయించండి, పనిలో పని" అన్నాడు.

"మీరు నవ్వితే నవ్వారుగానీ బాబూ, ఈ బస్తా నాకాడ బుద్ధిగా ఉంది" అంది సంపూర్ణమ్మ.

బస్తా బుద్ధిగానే ఉంది, చందు ఉండలేదు. సంపూర్ణమ్మ చేతులు కిందికి పోగానే పిల్ల ఒళ్లంతా విల్లులా వంగి బిగుసుకుంది. తల వెనక్కి వాలింది. మోకాళ్లు మడత పడలేదు. మంచానికీ కుర్చీకీ మధ్య చందు పక్కకు జారిపోతుంటే శాంభవి ఒక్క అంగలో వెళ్లి పట్టుకుంది. తర్వాత మూడు రోజులు ప్రయత్నించారు. మూడు రోజులూ అంతే.

"ఇంక వద్దులే సంపూర్ణమ్మా. ఆపరేషన్ తర్వాతెప్పుడైనా చూసుకుందాం" అంది శాంభవి.

సంపూర్ణమ్మ చేతులు తుడుచుకుంటూ చందు వంకే చూస్తోంది. భాస్కర్ మాత్రం మొదటిసారి గొంతు పెంచాడు.

"ఎప్పుడైనా అంటే ఎప్పుడు? మళ్లీ ఆ స్నానాల గదిలో పడ్డాకనా? ఈసారి పిల్ల తల కిందైతే?"

శాంభవి చందు దుప్పటి సర్దింది.

"నా సెలవు ఉన్నన్నాళ్లూ నేనెత్తుతా. తర్వాత అమ్మా, ఈవిడా కలిసి ఎత్తుతారు. పిల్లకి కాస్త ఇబ్బందే. పడనీ. నువ్వు మాత్రం వెళ్లాలి."

ఆమె వెళ్లింది.

*

ఆస్పత్రి నుంచి వచ్చేసరికి త్రిపురసుందరి వంటింట్లో పథ్యం సిద్ధం చేసి పెట్టింది. పాతబియ్యం మెత్తగా వండి, వెల్లుల్లి కారం దంచి, మైలవరం నుంచి తెచ్చిన నెయ్యి కరిగించింది. ఆవిడ లెక్కలో ఆపరేషన్ అంటే పథ్యం, పథ్యం అంటే ఇదే. ఆవిడ ముగ్గురు పిల్లలకూ, ఆవిడ ఆడపడుచుల కాన్పులకూ ఇదే పనిచేసింది.

"నీళ్లలాంటివి తప్ప ఏమీ వద్దన్నారత్తయ్యా. పల్చటి మజ్జిగ తేట, వడగట్టిన పప్పుకట్టు, అంతే."

"నెయ్యి తగలకుండా పుండెట్టా మానుద్దే? వాళ్లు కోసేవాళ్లు. మాన్పేది మనం."

"ముద్ద లోపలికెళ్తే కుట్లు తెగుతాయంట."

ఆవిడ గరిట పట్టుకుని కాసేపు నిలబడింది. ఇంటికొచ్చిన రోగికి అన్నం పెట్టొద్దంటే ఆవిడకు ఇక చేతులెందుకో అర్థంకాలేదు. లోపలికెళ్లి అటకమీది పెట్టె దింపించి, చందు ఉగ్గుగిన్నె వెతికి, చింతపండుతో తోమి తెచ్చింది. ముక్కున్న చిన్న వెండి గిన్నె అది. అందులో పప్పుకట్టు పోసి కోడలికి ఇచ్చింది.

"ఇదన్నా సాంతం తాగు."

శాంభవి చిన్న గుక్కలుగా, ఆగి ఆగి తాగింది. సగానికే గుండెల కింద ఎవరో తలుపు వేసినట్టయింది. ఇంక చుక్క పట్టదు. కోడలి చేతిలో మిగిలిపోయిన ఆ చెంచాడు పప్పుకట్టును త్రిపురసుందరి వంగి చూసింది. ఆదివారం పూట పళ్లెం నిండా పెట్టినా మారు వడ్డించుకునే కోడలు ఈమేనా అన్నట్టు ముఖంలోకి చూసింది.

"అంతేనా?"

"అంతేనత్తయ్యా. నిండిపోయింది."

"పదేళ్లనాడు దీంతో పోస్తే నీ కూతురు గిన్నె ఖాళీ చేసేది" అని, ఆవిడ మిగిలింది పారబోసి, గిన్నెను చాలాసేపు చేతిలోనే ఉంచుకుంది. తర్వాత పథ్యం మాట ఎత్తలేదు. పప్పుకట్టును ఎంత పల్చగా, ఎంత రుచిగా వడగట్టవచ్చో అదే పనిగా చూస్తూ పోయింది. ధనియాలు వేసి ఒకరోజు, జీలకర్రతో ఒకరోజు.

భాస్కర్ ఉన్నన్నాళ్లూ అతనే పిల్లను ఎత్తాడు. ప్రతిసారీ చందు బిగుసుకుంది, ప్రతిసారీ అతను బలంతో నెగ్గాడు. గుమ్మానికి తగిలి పిల్ల మోచెయ్యి గీరుకుపోయింది. శాంభవి పడుకున్న మంచం అక్కడే. పిల్ల బిగుసుకున్నప్పుడల్లా ఆమె కళ్లు మూసుకునేది. చేతులు వాటంతటవే దుప్పటి కింద కదిలేవి, ఒకటి మోకాళ్ల కిందికి, ఒకటి భుజాల వెనక్కి.

తర్వాత సెలవైపోయింది.

మొదటిరోజు పొద్దున్నే అతను డ్యూటీకి వెళ్లిపోయాక చందుకు స్నానం చేయించాలి. శాంభవి కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. సంపూర్ణమ్మ భుజాల వైపు, త్రిపురసుందరి కాళ్ల వైపు నిలబడ్డారు.

"నువ్వు లెగిసినప్పుడు నేను లేవనా, నేను లెగిసినప్పుడు నువ్వు లేస్తావా?" అంది త్రిపురసుందరి.

"ఇద్దరం కలిసి లేద్దామండీ మామ్మగారూ."

కలిసి లేవడం కుదరలేదు. చందు బిగుసుకుంది. కాళ్లు ఒక ఎత్తులో, తల ఇంకో ఎత్తులో లేచి, పిల్ల గొంతులోంచి సన్నని ఏడుపు మొదలైంది. త్రిపురసుందరి తన నడుం పట్టుకుని పిల్ల కాళ్లు వదిలేసింది. సంపూర్ణమ్మ ఒక్కతే పిల్లను మళ్లీ మంచంమీదికి చేర్చి, చేతులు మాత్రం తియ్యకుండా, వంగి అలాగే ఉండిపోయింది. చందు ఏడుపు పెరిగింది. బట్టలు తడిసి ఉన్నాయి. సాయంత్రం దాకా పిల్లను అలా ఉంచలేరు.

ఎత్తొద్దని సర్జన్ చెప్పింది శాంభవికి గుర్తుంది. లోపల కుట్టు తెగితే ఏమవుతుందో కూడా ఆయన దాచకుండా చెప్పాడు. ఒక్కసారే, అనుకుంది. మోకాలు ఆనిస్తే చాలు, బరువు తెలియదు. పదేళ్లుగా తెలియలేదు. కుర్చీ చేతుల మీద బలం వేసి లేవబోయింది. పొట్ట లోపల ఏదో లాగినట్టయి, "అమ్మా..." అని మూలుగు వచ్చింది.

ఏడుపు ఆగింది.

శాంభవి సగం లేచి, అలాగే ఉండి చూసింది. మంచం మీద చందు కళ్లు ఆమె వైపు తిరిగాయి. ముందు చుబుకం కదిలింది. వెనక్కి వాలిన తల కొంచెం కొంచెంగా ముందుకు వచ్చి, చుబుకం గుండెకు ఆనింది. విల్లులా లేచిన నడుం సడలి పరుపును తాకింది. ఎప్పుడూ పిడికిలి పట్టి ఉండే ఎడమచెయ్యి వణుకుతూ పైకి లేచింది. గాలిలో ఒకసారి దారి తప్పి, మళ్లీ వెతుక్కుని, సంపూర్ణమ్మ మెడ వెనక్కి చేరింది. ముక్కులోంచి పొడుగ్గా ఊపిరి వదిలింది. అంత పనికే పిల్ల పై పెదవి మీద చెమట పట్టింది.

"ఎత్తు" అంది శాంభవి.

సంపూర్ణమ్మ ఎత్తింది. చందు లేచింది. దూదిమూటలా.

పిల్లను పీట మీద కూర్చోబెట్టాక సంపూర్ణమ్మ బయటికి వచ్చి, తన చేతుల్ని రెండువైపులా తిప్పి చూసుకుంది.

"నేనెత్తలేదమ్మా. పిల్లే లేసింది."

శాంభవి మెల్లగా కుర్చీలో కూర్చుంది. చందును ఎత్తే ప్రతిసారీ ఆమె చూపు కుర్చీ మీద ఉండేది, పట్టె మీద ఉండేది, తన పాదాల మీద ఉండేది. పిల్ల ముఖం తన భుజం దగ్గర ఉండేది, కనిపించేది కాదు. వంగేటప్పుడు మోకాలి నొప్పికి "అమ్మా" అని మూలుగుతానని ఆమెకు తెలియనే తెలియదు. నొప్పి పాతబడి, మూలుగు ఊపిరిలో కలిసిపోయింది. ఆ మూలుగు వినగానే, ఇప్పుడు అమ్మ ఎత్తబోతోందని తెలుసుకుని, ఒళ్లంతా ఎదురు తిరుగుతున్నా, ఆ పిల్ల చుబుకం దించి, నడుం సడలించి, చెయ్యి లేపి, ఊపిరి వదిలి, తన సగం తాను చేస్తూ వచ్చింది. ఎప్పటినుంచి చేస్తోందో. ఎవరూ నేర్పలేదు. ఎవరూ చూడలేదు. ఒక్కసారైనా బాగుందనలేదు. అమ్మ మోకాలు పట్టెకు ఆనించడం వల్లే అంతా జరుగుతోందని ఇంట్లో అందరూ అనుకుంటూ ఉంటే, చందు రోజూ పనిచేస్తూనే ఉంది.

త్రిపురసుందరి మంచం అంచున కూర్చుంది. నడుం నొప్పి మాట మర్చిపోయింది.

"ఎంత గుట్టుగా ఉంచావే మనవరాలా" అంది స్నానాల గది వైపు చూసి.

*

మర్నాడు శాంభవి సంపూర్ణమ్మకు మూలగడం నేర్పింది. అది నవ్వులాట అయింది. మోపులు మోసిన ఆ నడుంకు నొప్పంటే తెలియదు. వంగి, "అమ్మా" అంది, ఎవరినో పిలిచినట్టు.

"అట్టా కాదు సంపూర్ణం, కాస్త బాధ పెట్టు. నన్ను చూడు" అని త్రిపురసుందరి మంచం కోడు పట్టుకుని, ఎన్నో ఏళ్ల అనుభవంతో ఒక మూలుగు మూలిగింది.

"మీది నిజందేనండి. నాకు రావట్లా."

చందు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, పొట్ట ఎగరేసి నవ్వింది. నవ్వితే ఒళ్లు ఇంకా బిగుసుకుంటుంది. దొంగ మూలుగుకు ఆ పిల్ల చెయ్యి లేపలేదు. శాంభవి కుర్చీలోంచి మూలిగి చూసింది. అదీ దొంగదేనని పిల్లకు తెలిసిపోయింది.

సంపూర్ణమ్మ నవ్వు ఆపుకుని, మంచం పక్కన గొంతుక్కూర్చుంది. ఎత్తే ప్రయత్నం చెయ్యలేదు. చందు ముఖానికి తన ముఖం సమంగా పెట్టింది.

"మా చేలో మోపు ఎవరంతట వాళ్లు నెత్తికెత్తుకోలేరమ్మా. ఎంత బలమున్నోళ్లైనా సరే. పక్కనోళ్లని పిలవాల. 'ఎత్తించమ్మా' అనాల. వాళ్లు చేతిలో పని ముగించుకుని, వచ్చి, చెయ్యి వేస్తారు. అందాకా గట్టు మీద నిలబడాల్సిందే. తొందరపడి ఒక్కళ్లే లేపితే మోపు చెదురుద్ది, మెడ పట్టుద్ది." ఇది శాంభవికి చెప్పి, పిల్ల వైపు తిరిగింది. "నువ్వే నా పక్కమనిషివి. ఎత్తించమ్మా."

చేతులు పిల్ల కిందికి పోనిచ్చి, ఊరుకుంది.

ఏమీ జరగలేదు. సందులో తోపుడుబండివాడు ఎవరినో అడ్డు తప్పుకోమని అరుస్తున్నాడు. కుక్కర్ కూసింది. త్రిపురసుందరి ఏదో అనబోతే శాంభవి చెయ్యి ఎత్తి ఆపింది. సంపూర్ణమ్మ గట్టు మీద నిలబడ్డట్టే ఉంది, తొందర లేదు, బతిమాలడం లేదు. చందు ముందు కప్పు వంక చూసింది. తర్వాత సంపూర్ణమ్మ మెడలో గొలుసు వంక చూసింది. తర్వాత, కుక్కర్ ఇంకోసారి కూశాక, చుబుకం కదిలింది.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో పనులన్నీ ఆలస్యమయ్యాయి. స్నానం ఎండెక్కాక అయ్యేది, టిఫిన్ భోజనాల వేళకు జరిగేది. ఒక్కోసారి చందు ఎంతకీ చెయ్యి లేపేది కాదు. "ఇప్పుడు పని మీదున్నట్టుంది" అని సంపూర్ణమ్మ చేతులు తీసేసి, తనూ వేరే పని చూసుకుని మళ్లీ వచ్చేది. ఒక్కోసారి అడగకముందే చెయ్యి సిద్ధంగా ఉండేది. శాంభవికి ఆ రోజుల్లో వేరే పని లేదు. ఉగ్గుగిన్నె పట్టుకుని కిటికీ పక్క కూర్చుని, చెంచాడు చెంచాడుగా తాగుతూ, కూతుర్ని చూసింది. ఏ కండరం ముందు లొంగుతుందో, ఏది చివరిదాకా మొండికేస్తుందో, ఆ మొండి కండరాన్ని పిల్ల ఎలా పక్కదారిలో తీసుకొస్తుందో చూసింది. ఎడమచెయ్యి నేరుగా లేవదు. చందు దాన్ని ముందు బయటికి, మంచం అంచు వైపు పోనిచ్చి, అక్కడినుంచి పైకి తిప్పేది. బిగువైన చోట నేరుగా కుట్టలేనప్పుడు శాంభవి గుడ్డను తిప్పి పట్టుకుంటుంది. ఆ ఒడుపును ఆమె తన చేతుల్లో గుర్తుపడుతుంది. కూతురి చేతిలో చూడటం ఇదే మొదటిసారి.

షిఫ్టు దిగి వచ్చిన భాస్కర్‌ను కూడా ఒకరోజు నిలబెట్టి అడిగించారు.

"ఎత్తించమ్మా" అన్నాడు, కాస్త సిగ్గుపడుతూ.

చేతులు పోనిచ్చి నిలబడ్డాడు. కూతురి చెయ్యి వణుకుతూ వచ్చి తన మెడను పట్టుకున్నప్పుడు అతను ఎత్తడం మర్చిపోయాడు.

"ఎత్తరా. పాపం అది ఎంతసేపని పట్టుకుంటది" అని తల్లి కసిరింది.

*

నెలన్నర గడిచాక సర్జన్ చూసి, లోపల అంతా గట్టిపడిందన్నాడు. ఎత్తవచ్చు, మెల్లగా మొదలుపెట్టమన్నాడు. శాంభవి చీర కుచ్చిళ్లు రెండు ఎక్కువ వచ్చే మనిషయింది. ఆటో దిగి సందులో నడుస్తుంటే మోకాళ్ల గురించి ఆలోచించకుండానే గుమ్మం దాకా వచ్చేసింది.

ఇంట్లో అందరూ ఎదురుచూస్తున్నారు. త్రిపురసుందరి వంటింటి గుమ్మంలో, భాస్కర్ కుర్చీ పట్టుకుని. సంపూర్ణమ్మ మంచం దగ్గర్నుంచి తప్పుకుని గోడ వారగా నిలబడింది. శాంభవి కాళ్లు కడుక్కుని వచ్చింది. చందు తల్లిని చూసి అరిచింది, సంతోషంగా.

ఎడమ మోకాలు పట్టెకు ఆనించింది. నొప్పి లేదు. చేతులు వాటి చోట్లకు వెళ్లాయి. ఇన్నాళ్ల ఆకలి చేతుల్లో ఉంది. తొడలతో లేచింది.

చందు బిగుసుకుంది. తల వెనక్కి వాలింది. భాస్కర్ ఎత్తినప్పటిలాగే, కర్రదుంగలా, పిల్ల సగం లేచి ఆగిపోయింది.

శాంభవి మళ్లీ పరుపు మీద ఆనించింది. "నేనే కదే" అంది. "అమ్మని." ఆ మాటలో కొంచెం నిష్ఠూరం ఉంది. పదేళ్లు ఎత్తిన చేతులివి. చందు ఆమెను కన్నార్పకుండా చూస్తోంది. మూలుగు రాలేదు. రావడానికి నొప్పి లేదు. పిల్లకు ఎవరూ ఏమీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

సంపూర్ణమ్మ గోడ దగ్గర్నుంచి కదల్లేదు.

శాంభవి మోకాలు తీసి, మంచం పక్కన నేలమీద గొంతుక్కూర్చుంది. ఏళ్ల తర్వాత ఆమె అలా కూర్చోవడం. కూతురి ముఖం ఎదురుగా, సమంగా ఉంది. పై పెదవి మీద సన్నని నూగు. ఎడమ కనురెప్ప కుడిదానికన్నా కొంచెం బరువుగా దిగుతుంది. పదేళ్లు మోసిన పిల్ల ముఖాన్ని ఇంత తీరిగ్గా చూడలేదని ఆమెకు తోచింది.

"ఎత్తించమ్మా" అంది.

తర్వాత ఊరుకుంది. భాస్కర్ కుర్చీ పట్టుకునే ఉన్నాడు. త్రిపురసుందరి చేతిలో గరిట నుంచి ఏదో నేలమీద బొట్టు బొట్టుగా పడుతోంది, ఆవిడ చూసుకోలేదు. చందు తొందరపడలేదు. తల్లి జడ వంక చూసింది, భుజం వంక చూసింది, సన్నబడిన మెడ వంక చాలాసేపు చూసింది, కొత్త దారి కొలుచుకుంటున్నట్టు. చుబుకం దిగింది. చెయ్యి మంచం అంచు వైపు వెళ్లి, అక్కడ ఆగి, బయలుదేరింది.

శాంభవి లేచి, మోకాలు ఆనించి, మెడ వంచి దానికి దారి ఇచ్చింది. చిన్న వేళ్లు వచ్చి జడ కింద పట్టుకున్నాయి. చెవి పక్కన పొడుగ్గా ఊపిరి వదిలిన చప్పుడు విని అప్పుడు లేచింది.

కుర్చీ సిద్ధంగా ఉన్నా దించలేదు. పిల్లను ఎత్తుకునే గదిలో ఆ చివరికి నడిచి, మళ్లీ వచ్చింది.

సంపూర్ణమ్మ కొంగు దోపుకుని, చెప్పుల కోసం గుమ్మం వైపు చూసింది. "ఇంక నాతో పని లేనట్టేగా అమ్మా" అంది.

"రేపు ఎప్పట్లా రండి" అంది శాంభవి.

"మీరు ఎత్తుతున్నారుగా."

"నేనొక్కదాన్నీ కాదుగా ఎత్తేది. దాన్నే అడగండి, మీరొద్దంటుందేమో."

సంపూర్ణమ్మ దగ్గరికొచ్చి, తల్లి భుజం మీద ఉన్న ముఖానికి సమంగా వంగింది. చందు తల్లి జడను వదలకుండానే, రెండో చెయ్యి, ఇంతవరకు ఎవరి కోసమూ లేపని కుడిచెయ్యి, కదపడానికి ప్రయత్నించడం మొదలుపెట్టింది. అందరూ నిలబడి చూస్తున్నారు.